నోటితో చెబుతారు, రాసివ్వరు

జాలి పడదామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను బతికే ఉన్నాను. పూటకు రెండు రొట్టెలు తింటున్నాను, కోపం కూడా వేళకు వస్తోంది. గుండెలో కొంత కండ చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చారు. మిగిలిన దానితో ఇది రాస్తున్నాను. ఛాతీ నొప్పితో పోతే గ్యాస్ అని మందు రాసి పంపిస్తే ఇంటికి వచ్చేసినవాళ్ళు నాలాగా ఇంకెందరో ఉంటారు, వాళ్ళకు పనికొస్తుందని. డాక్టర్లలో ఇద్దరి మీద తప్ప నాకు గౌరవం మిగల్లేదు. ఆ ఇద్దరూ ఎవరో వరసలో చెబుతాను.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. పాతికేళ్ళుగా సూరత్‌లో, ఉధ్నాలో, ఒక మగ్గాల కార్ఖానాలో బట్ట చెకింగ్ చేస్తున్నాను. కింద ట్యూబ్‌లైటు వెలిగే అద్దం బల్ల ముందు నిలబడి, మగ్గం మీంచి దిగిన టాకాను, అంటే నూరు మీటర్ల బట్ట చుట్టను, కొంచెం కొంచెంగా లాగి చూడాలి. పోగు తెగినచోట, చార పడినచోట ఆగి చీటీ రాయాలి. తప్పు నూలుదా, మగ్గానిదా, నేసినవాడిదా. ఆ చీటీకి కార్ఖానాలో ఎదురు లేదు. నేసినవాడిది అని నేను రాస్తే నేసినవాడిదే. ఈ సంగతి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, తర్వాత కావాలి.

ఉత్తరాయణం అయిన వారం

కరెంటు తీగలకు సంక్రాంతి పతంగులు ఇంకా వేలాడుతున్నాయి. పొద్దున పదకొండు గంటలకు బల్ల ముందు ఉండగా ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. ఎడమ దవడ గుంజింది. చలిరోజుల్లో చెమటకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మగ్గాల చప్పుడు దూరమైపోయింది. అవి ఆగలేదని, నాకే వినబడట్లేదని అర్థమై అప్పుడు భయమేసింది. కింద కూర్చుండిపోయాను. మూడో నంబరు మగ్గం మీదున్న కనకయ్య పరుగెత్తుకొచ్చాడు. మా ఊరివాడే, వరసకు బావమరిది. మగ్గం ఆపేసి, నన్ను ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోంకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు పేరు రాయను. కేసు నడుస్తోంది, వకీలమ్మ వద్దంది. సిస్టర్ ఈసీజీ తీసింది. యంత్రంలోంచి ఎర్ర గళ్ళ కాగితం పొడుగ్గా వచ్చింది. డాక్టరు ఫోన్లో ఉన్నాడు. కొత్త ఇంటి వరండాకు ఏ రంగు టైల్సు వేయాలో ఎవరితోనో తేల్చుకుంటున్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కాగితం అందుకున్నాడు, ఒకసారి పైనుంచి కిందికి చూశాడు, కనకయ్య చేతిలో పెట్టాడు. గ్యాస్ అన్నాడు. రాత్రి భజియాలు తిన్నావా అని అడిగాడు. తినలేదన్నాను. తినే ఉంటావు అన్నాడు. ఒక ఇంజెక్షన్ చేయించి, గులాబీ రంగు మందు సీసా రాసి, ఇంటికి పొమ్మన్నాడు. టైల్సు సంగతి తేలకముందే నా సంగతి తేలిపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆటోలో కనకయ్యతో నవ్వుతూ వచ్చాను. ఇంటికొచ్చాక నా భార్య పద్మ మాత్రం నవ్వలేదు.

"గ్యాసయితే దవడెందుకు గుంజుతది? జర ఇంకో డాక్టర్‌కు చూపిద్దాం," అంది.

డాక్టరు కంటే నీకే ఎక్కువ తెలుసా అని కసిరాను. రెండు రోజులు జీలకర్ర నీళ్ళు తాగాను, సోడా తాగాను, తేనుపు కోసం గుండెల మీద గుద్దుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గుద్దుకోవడం దగ్గర నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం మెట్లెక్కుతూ పడిపోయాను.

ఆసుపత్రి రోజులు

కళ్ళు తెరిచేసరికి ఊరవతల ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడి గుండె డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడి కాగితాలన్నీ తిరగేసింది. పద్మ సంచిలోంచి ఆ మొదటి ఈసీజీ తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఇది చూసి ఇంటికి పంపినవాడు ఎవడు అని హిందీలో గట్టిగా అడిగింది. ఇందులోనే కళ్ళకు కొట్టినట్టు కనిపిస్తోంది కదా, ఆ రోజే వచ్చి ఉంటే గుండె ఇంత పాడయ్యేది కాదు కదా అంది. నేను విన్నాను, పద్మ విన్నది, మా కూతురు మానస విన్నది. ముగ్గురం విన్నాం కాబట్టి అది రాసినంత గట్టి మాట అనుకున్నాం. కాగితం మాకు తిరిగి ఇచ్చేసింది.

నేను లోపల వైర్ల మధ్య పడుకుంటే, పద్మా మానసా బయట ఇనుప బెంచీ మీద రోజులు గడిపారు. ఆ బెంచీ మీద ఒక ఒడియా మనిషి ఉండేది. ఆమె మొగుడిది కూడా మగ్గం పనే, కిడ్నీ పాడై ఉన్నాడు. పద్మకు ఒడియా రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ హిందీ అంతంతే. అయినా తన చాప సగం పద్మకు ఇచ్చేది, పద్మ ఏడ్చినప్పుడు వీపు నిమిరేది. ఆమె మొగుడు పోయిన రోజు కూడా చాప మడుస్తూ, నీ మనిషి లేస్తాడు అని సైగ చేసి పోయిందట. నాకు గౌరవం మిగిలిన మొదటి డాక్టరు కూడా అక్కడే దొరికింది. డ్యూటీలో ఉండే చిన్నమ్మాయి, చదువు ఇంకా అయిపోలేదు. సూది వేసే ప్రతిసారీ ఇది ఎందుకో చెప్పి వేసేది. బయటికి పోయి పద్మకు కూడా చెప్పేది. ఆ చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? నోరు తెరిచి మూసినంత సేపు.

పద్మ తమ్ముడు శంకర్ హజీరా నుంచి కంపెనీ బస్సులో వచ్చాడు. నా మంచం పక్కన కూర్చుని, పద్మ నాకోసం తెచ్చిన యాపిల్ పండు ఒలుచుకుని తిన్నాడు. పెద్దోళ్ళతో మనకెందుకు, రాసి పెట్టి ఉన్నది జరిగింది, బతికి బయటపడ్డావు చాలు అని బోధ చేశాడు. పండు అయిపోగానే బస్సుకు టైమైందని లేచాడు. వీడు నాకు ఇచ్చిన ధైర్యం అంతా గింజలతో సహా ప్లేట్లో మిగిలింది.

హోలీ దాటాక

ఇంటికొచ్చాను. రెండంతస్తుల మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చోవాలి. బాల్టీ నీళ్ళు పద్మే మోస్తోంది. పాతికేళ్ళు నిలబడి చేసిన పని ఇప్పుడు సగం పూట స్టూల్ మీద కూర్చుని చేస్తున్నాను. కార్ఖానా సేఠ్ నన్ను తీసేయలేదు. కనకయ్యను మాత్రం నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే తీసేశారని తెలిసింది. నా కోసం నడుస్తున్న మగ్గం వదిలేసి పోయాడన్నది ఒక సాకు. వాడి మీద పాత డ్యామేజీ చీటీలు ఉన్నాయన్నది ఇంకొకటి. ఆ చీటీల సంగతి నేను ఆలోచించదలచుకోలేదు. నా గుండె గోల నాకే సరిపోయింది.

నాకు కావలసింది ఒక్కటే. గ్యాస్ కాదు, గుండెపోటే, చూసి ఉంటే తెలిసేది అని ఎవరైనా కాగితం మీద పెట్టాలి. పద్మ ముందే అన్నా వినలేదన్న మాట ఇంట్లో నోళ్ళలో నానుతోంది. తప్పు నా మొండితనానిది ఎంతో, ఆ టైల్సు డాక్టరుది ఎంతో తేలాలి. కేసు వేస్తానన్నాను. మానస, "బాపూ, ప్రూఫ్ సంభాళ్‌కే రఖ్, అదొక్కటే మన చేతిలున్నది," అంది.

దాచడంలో మా బస్తీవాళ్ళను మించినవాళ్ళు లేరు. వానాకాలం పక్కనున్న ఖాడీ, అంటే వాగు, పొంగితే కింది రూముల్లోకి నీళ్ళొస్తాయి, మిగిలిన కాలం చెదలు. అందుకని మాకు కాగితం విలువైనదైతే లామినేషన్ చేయించాల్సిందే. ఆధార్, రేషన్ కార్డు, మానస టెన్త్ మెమో, ఆఖరికి మా పెళ్ళి పత్రిక కూడా ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి. నా జీవితంలోకెల్లా విలువైన కాగితం ఇదే కాబట్టి ఎవరికీ చెప్పకుండా స్టేషన్ పక్క దుకాణానికి తీసుకుపోయాను. కొట్టువాడు మావా, అంటే పొగాకు కలిపిన వక్క, నములుతూ దాన్ని ప్లాస్టిక్ మధ్య పెట్టి వేడి రోలర్లలోకి తోశాడు. ఈ వైపు గీతలతో పోయిన కాగితం ఆ వైపు నల్లగా బయటికొచ్చింది. ఒక్క గీత లేదు. బొగ్గు పూసినట్టుంది.

ఈసీజీ కాగితానికి వేడి తగిలితే అంతేనట. చూస్తే నేనే చెప్పేవాణ్ణి కదా అన్నాడు కొట్టువాడు. మరి ఎందుకు చూడలేదని అరిచాను. పనిలో పడి చూడలేదన్నాడు. చూడకుండా పని కానిచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో నాకు వరసపెట్టి దొరికారు. డబ్బులు తీసుకోలేదు, అదొక్కటి చేశాడు. ఇంటికొచ్చి చూపిస్తే పద్మ ఆ నల్ల ముక్కను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో రుద్ది చూసింది.

"నీకు ఎవలనన్న ఒక్క మాట అడుగబుద్ధి కాదు," అంది చివరికి.

ఆ పూట అన్నం మీద అలిగాను.

ఎండాకాలం

నర్సింగ్ హోంలో ఇంకో కాపీ లేదన్నారు. ట్రస్టు ఆసుపత్రి ఫైలులో వాళ్ళు తీసినవే ఉన్నాయి. కోర్టు దగ్గర ఒక వకీలమ్మ కేసు తీసుకుంది. ఆమె నాకు హిందీలో విడమర్చి చెప్పింది. అన్ని కేసులకూ డాక్టరు సాక్ష్యం అక్కర్లేదట. కడుపులో కత్తెర మరిచిపోతే అది తప్పని ఎవరికైనా తెలుస్తుంది. మీది అలా కాదు, అంది. ఆ రోజు మీ ఈసీజీలో ఏముంది, మామూలు డాక్టరు దాన్ని పట్టుకోవాలా అక్కర్లేదా, ఇది జడ్జిగారు చెప్పలేరు, నేను చెప్పలేను, ఇంకో డాక్టరే రాసివ్వాలి. రాసివ్వకపోతే అవతలివాళ్ళు, ఆ రోజు ఏమీ లేదు, తర్వాతే వచ్చింది అంటారు. వాళ్ళ మాటే నిలుస్తుంది.

ఇంత పెద్ద సూరత్‌లో ఒక డాక్టరు దొరకడా అనుకున్నాను. నా అంత వెర్రివాడు ఉండడు. మొదటి డాక్టరు గదిలో ఏసీ, గోడకు జలపాతం బొమ్మ. డిశ్చార్జి కాగితాలు చూసి, మూడు రోజుల ముందే పట్టుకోవాల్సింది అని తనంతట తానే అన్నాడు. అదే మాట రాసివ్వండి సార్ అన్నాను. గంట కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు. రెండో ఆయన ముందు అవతలి డాక్టరు పేరు అడిగాడు. పేరు వినగానే నా కాగితాలు దొంతర పెట్టి, అంచులు సరిచేసి, నా వైపు జరిపాడు. మా ఇద్దరిదీ ఒకే సంఘం, మా పిల్లలు నవరాత్రికి ఒకే గ్రౌండ్‌లో గర్బా ఆడతారు, ఎలా రాయమంటావు అన్నాడు. గుండెపోటుకూ గర్బాకూ ఉన్న సంబంధం నాకు ఆ రోజే తెలిసింది. మూడో ఆయన, బతికి ఉన్నావు కదా, దేవుడికి దండం పెట్టుకో అని ఉపదేశించి ఫీజు తీసుకున్నాడు.

చివరికి ట్రస్టు ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరికే పోయాను. మా ముగ్గురి ముందర అంత గట్టిగా అన్న మనిషి. అలా అన్నట్టు గుర్తు లేదంది. ఈసీజీ చూపించమంది. ఆ నల్ల ముక్క చేతికిచ్చాను. ఇందులో ఏం చూసి రాయను అంది. అందులో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ నలుపు చూశాక ఆమె ముఖం తేలికపడటం కూడా నేను చూశాను.

వానలు పడ్డాక

ఈ దశలో పద్మే అంది, ఆ రోజు నీ కాగితాలన్నీ పట్టుకున్నది కనకయ్య కదా, ఒకసారి అడుగు అని. కనకయ్య తాపీ నది అవతల అమ్రోలిలో పాత మగ్గాల మీద పని చేస్తున్నాడని విన్నాను. మంచి కార్ఖానాల్లో వాడిని ఎవరూ పెట్టుకోలేదు. చెకింగ్‌వాళ్ళం ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటాం, ఫలానావాడి చేతిలో బట్ట పాడవుతుందని. మనిషి మీద మచ్చ వేయడానికి మాకు కోర్టు అక్కర్లేదు. బస్సు దిగి, రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుని వాళ్ళ రూముకు పోయాను. కనకయ్య ఎదురొచ్చి చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. వాడి భార్య చాయ్ ఇచ్చింది. నల్లబడ్డ కాగితం సంగతి సగం చెప్పానో లేదో వాడు ఫోను తీశాడు.

"ఉన్నది బావా. నీకు సూదేసేటప్పుడు ఫోటో గుంజిన. ఇప్పుడు ఏ కాగితం చేతికచ్చినా మొదలు ఫోటో గుంజుడే, నాకు అలవాటైంది," అన్నాడు.

ఎర్ర గళ్ళు, నల్ల గీతలు, కింద నా పేరు, ఆ రోజు తేదీ, టైము. అన్నీ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఫోటో నాకు పంపమని చెప్పి, ఫోను అందుకుని వేలితో జరుపుతుంటే పక్క ఫోటో వచ్చింది. ఒక టాకా బట్ట, పొడుగునా చార. దాని పక్కన ఇంకో ఫోటో, డ్యామేజీ చీటీ. తప్పు నేసినవాడిది అని ఉంది.

"అది నీ రాతనే బావా," అన్నాడు కనకయ్య.

ఆ టాకా నాకు బాగా గుర్తు. కిందటేడు దివాళీ ముందు సేఠ్ అల్లుడు చవక నూలు తెచ్చాడు. పోగులు పటపటా తెగాయి. బల్ల మీద చూడగానే నూలు తప్పని తెలిసింది. చాయ్ బండి దగ్గర కనకయ్య భుజం తట్టి, నీ తప్పు కాదురా, నూలే చెడ్డది అని చెప్పాను కూడా. చీటీ మీద మాత్రం నేసినవాడిది అని రాశాను. అల్లుడి పేరు రాస్తే నా బల్ల ఉంటుందా? అలాంటివి మూడు రాశాను. వాడు ఫోటోలు తీయడం అప్పుడే మొదలుపెట్టాడు. అంటే నా అబద్ధం వల్ల వచ్చిన అలవాటే నా సాక్ష్యాన్ని కాపాడింది. ఇంత తెలిసి నేనేం చేశాను? ఫోటో పంపించుకుని, చాయ్ తాగి, వస్తానని చెప్పి వచ్చేశాను. నేను తిట్టిన డాక్టర్లకూ నాకూ ఆ రోజు తేడా ఏమీ లేదు.

ఆ ఫోటోతో మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. అవును, ఇదే, అంది. మరి రాయండమ్మా అన్నాను. ఆ నర్సింగ్ హోం నుంచి తమకు పేషెంట్లు వస్తారని, ట్రస్టువాళ్ళు ఒప్పుకోరని చెప్పి, నీళ్ళు తాగుతావా అని అడిగింది. నల్ల కాగితం వట్టి సాకు అని అక్కడ తేలిపోయింది. నీళ్ళు తాగలేదు.

నాకు గౌరవం మిగిలిన రెండో డాక్టరు దొరికింది కూడా కనకయ్య వల్లే. వాడి భార్య అమ్రోలిలో ఒక తెలుగు పెద్దాయన ఇంట్లో వంట చేస్తుంది. రైల్వే ఆసుపత్రిలో డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. నా సంగతి ఆమే ఆయనకు చెప్పి, రమ్మన్నాడని ఫోను చేయించింది. ఆయన ఫోటోను ప్రింటు తీయించి, భూతద్దం పెట్టి, అరగంట చూశాడు. ఇంతసేపు నా గుండె గీతను ఎవరూ చూడలేదు. నేను భయపడుతూనే, మీరు గుండె డాక్టరు కాదు కదండీ, చెల్లుతుందా అని అడిగాను.

"అవతలి వకీలు ఆ మాట అంటాడండి, అననివ్వండి. ఇది కనిపెట్టడానికి గుండె డాక్టరు అక్కర్లేదు, డాక్టరైతే చాలు," అన్నాడు. "ఆయనెవరో నాకు తెలియదు. నేను రాసేది ఆయన గురించి కాదు, ఈ గీత గురించి."

రెండు పేజీలు రాసి, కింద సంతకం పెట్టి, తన రిజిస్ట్రేషన్ నంబరు వేశాడు. పిలిస్తే కోర్టుకు కూడా వస్తానన్నాడు. ఇంటికి పోతూ బస్సులో ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే సంతోషం రావాల్సింది, రాలేదు. వీళ్ళెవరూ ఎందుకు రాయలేదు, ఈయన ఎలా రాశాడు అన్న ఆలోచన తిరిగి తిరిగి నా చీటీల దగ్గరికే వచ్చి ఆగింది.

నవరాత్రికి ముందు

కేసు ఇంకా నడుస్తోంది. పెద్దాయన కాగితాన్ని కోర్టువాళ్ళు తీసుకున్నారు. అవతలివాళ్ళు అనుకున్నట్టే గుండె డాక్టరు కాదన్నారు. వాయిదాకు పోతే ఆ టైల్సు డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. చూసి ఉంటే కదా గుర్తుండటానికి.

ఒక ఆదివారం పద్మ ముందు కూర్చుని నేను కూడా ఒక కాగితం రాశాను. కార్ఖానాలవాళ్ళకు తెలియాలని గుజరాతీలో మానసతో తిరగరాయించాను. ఫలానా కార్ఖానాలో నేను చెకింగ్ చేస్తాను, కనకయ్య నేసిన ఆ మూడు టాకాల్లో తప్పు నూలుది, నేసినవాడిది కాదు, నాకు అప్పుడే తెలుసు, తెలిసి తప్పు రాశాను. సంతకం దగ్గర చేయి ఆగింది. సేఠ్ ముఖం, అల్లుడి ముఖం, నా స్టూల్ కనిపించాయి. ఆ డాక్టర్లందరి చేతులూ ఎక్కడ ఆగాయో తెలిసింది. తెలిసినంత మాత్రాన వాళ్ళను క్షమించలేదు.

"పెట్టు. పోతే పోతది. నేను చీరెలకు కుందన్లంటిచ్చే పనికి పోత," అంది పద్మ.

ఈసారి ఆమె మాట విన్నాను. సంతకం పెట్టాను. అమ్రోలికి పోయి కాగితం కనకయ్య చేతిలో పెట్టాను. వాడికి గుజరాతీ అక్షరాలు బాగానే వచ్చు. నిలబడే చదివాడు, మళ్ళీ చదివాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఏదో అనబోయాను, వద్దన్నట్టు చేయి ఊపాడు. తర్వాత ఆ కాగితాన్ని గూట్లో పరిచి, జేబులోంచి ఫోను తీసి, ముందు దాన్ని ఫోటో తీసుకున్నాడు.